రెండు శ్లాబుల మధ్య: పైఅంతస్తు ఇంటికి వేసవి కరెంటు బిల్లు తగ్గేదెలా?

ప్రశ్న: బెజవాడ పైఅంతస్తు

అందరికీ నమస్కారం. మాది విజయవాడలో పద్నాలుగేళ్ళ క్రితం కట్టిన నాలుగంతస్తుల అపార్టుమెంటు. పైఅంతస్తులో, పడమటి ఎండ నేరుగా తగిలే రెండు పడకగదుల ఫ్లాటులో నేను, నా భార్య, డెబ్బై ఎనిమిదేళ్ళ మా నాన్నగారు ఉంటున్నాము. జనవరిలో 180 యూనిట్లు కాలిన ఇంట్లో మే నెలలో 520 యూనిట్లు కాలాయి. యూనిట్లు మూడు రెట్లయినా కాకముందే బిల్లు దాదాపు అయిదు రెట్లయింది. మీటరు చెడిపోయిందేమోనన్న అనుమానం కూడా వచ్చింది.

నాన్నగారి గదిలో పదకొండేళ్ళ నాటి ఒకటిన్నర టన్నుల ఏసీ ఉంది. అది ఇన్వర్టర్ రకం (కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునేది) కాదు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు వరకు నడుస్తుంది. ప్రతి ఏప్రిల్‌లో మెకానిక్ వచ్చి, "గ్యాస్ అయిపోయిందండీ" అని చెప్పి రెండున్నర వేలు తీసుకుని వెళతాడు. దుకాణంలో అడిగితే, ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీ కొంటే బిల్లు సగానికి సగం పడిపోతుందంటున్నారు. మరికొందరు డాబా మీద తెల్లరంగు వేయించమంటున్నారు గాని, డాబా అందరిదీ కాబట్టి అసోసియేషన్ వారు ఒప్పుకోవడం లేదు. పెద్దాయనను ఉక్కలో పడుకోబెట్టలేను. నలభై అయిదు వేలు పెట్టి కొత్త ఏసీ కొనడమా, ఆ డబ్బు మరో విధంగా ఖర్చు పెట్టడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ఇంజనీరు, గుంటూరు

మీ మీటరు చెడిపోలేదని, బిల్లు అలాగే పెరుగుతుందని ముందుగా చెప్పాలి. మన రాష్ట్రంలో గృహ వినియోగదారులకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, తరువాతి 45కు 3.00, ఆపై 50కు 4.50, ఆ మీది 100కు 6.00, 226 నుంచి 400 వరకు 8.75, 400 దాటాక ప్రతి యూనిట్‌కు 9.75 చొప్పున, ఇలా శ్లాబుల (మెట్ల) వారీగా లెక్కిస్తారు. ఆ లెక్కన మీ జనవరి 180 యూనిట్లకు 747 రూపాయలు, మే 520 యూనిట్లకు 3,718 రూపాయలు అవుతాయి. సర్దుబాటు ఛార్జీలు, ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం వీటికి అదనం. అంటే వేసవిలో అదనంగా కాల్చిన 340 యూనిట్లు మీకు సగటున ఒక్కొక్కటి 8.70 పైనే పడ్డాయి. ఇందులో మేలు కూడా ఒకటుంది. తగ్గించడం మొదలుపెట్టినప్పుడు ముందుగా తెగిపడేవి పై శ్లాబులోని ఈ ఖరీదైన యూనిట్లే.

ఇప్పుడు ఏసీ సంగతి. ఊహించుకోవడం కంటే మీటరు దగ్గరే తేల్చుకోవడం మంచిది. మీ మీటరు మీద ఒక చిన్న ఎర్రదీపం మెరుస్తూ ఉంటుంది. దాని పక్కన 3200 ఇంప్/కిలోవాట్ అవర్ అని ఉంటే, 3,200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు (ఈ అంకె మీటరును బట్టి మారుతుంది, చూసుకోండి). ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపివేసి, ఏసీ ఒక్కదానినే నడిపించి, కంప్రెసర్ అందుకున్నాక ఒక నిమిషంలో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టండి. ఎనభై సార్లయితే అది 1.5 కిలోవాట్లు లాగుతోందని అర్థం. అన్నీ ఆపిన తరువాత కూడా దీపం మెరుస్తూంటే మాత్రం వైరింగులో లోపం ఉందేమో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

మీ పాత ఏసీ 1.6 కిలోవాట్లు లాగుతూ, రాత్రి తొమ్మిది గంటల్లో కంప్రెసర్ డెబ్బై శాతం సేపు నడుస్తుందనుకుంటే నెలకు 300 యూనిట్లు అవుతాయి. మీ 340కి ఇది దగ్గరగానే ఉంది. కొత్త ఇన్వర్టర్ ఏసీ పెడితే అదే వేడి గదిలో నెలకు 100 యూనిట్లు మిగులుతాయనుకుందాము. అంటే 900 రూపాయల పైచిలుకు. ఏడాదిలో నాలుగు నెలలకు 3,700 రూపాయలు మిగిలితే, నలభై అయిదు వేలు తిరిగి రావడానికి పన్నెండేళ్ళు పడుతుంది. బిల్లు సగమవుతుందన్న దుకాణం మాట నమ్మి, నడుస్తున్న యంత్రాన్ని తీసిపారేయవద్దు. కంప్రెసర్ పోయిన రోజున ఫైవ్ స్టారే కొనండి. అప్పుడు కూడా నక్షత్రాలను మాత్రమే చూడక, లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని వేశారో చూడండి. ఆ అంకెను 1,600 గంటల వాడకానికి లెక్కగడతారు. 2022 జులైలో ప్రమాణాలు బిగించినప్పుడు అంతకు ముందరి ఫైవ్ స్టార్ ఫోర్ స్టార్ అయింది కాబట్టి, పాత సరుకు నక్షత్రాలతో కొత్త సరుకును పోల్చకూడదు.

గ్యాస్ గురించి ఒక మాట. ఏసీలోని గ్యాస్ స్కూటర్‌లో పెట్రోలు లాంటిది కాదు, వాడితే అయిపోదు. ఏటా తగ్గుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. దానిని వెతికి పూడ్చకుండా గ్యాస్ నింపడమంటే చిల్లికుండలో నీళ్ళు పోయడమే. తక్కువ గ్యాస్‌తో నడిచే యంత్రం చల్లదనం ఇవ్వదు, కరెంటు మాత్రం తింటుంది. నత్రజనితో ప్రెషర్ పెట్టి, జాయింట్ల మీద సబ్బునురగ రాసి చూపించమని అడగండి. ఆ పని చేయనన్న మెకానిక్‌ను మార్చండి.

ఏసీని 26లో పెట్టి, దానితోపాటు ఫ్యాను తిప్పండి. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24లో ఉండాలన్న నిబంధన 2020 జనవరి నుంచి వచ్చింది. ఇంట్లో పాత ఫ్యాన్లు ఉంటే ఏసీకంటే ముందు వాటిని మార్చడం లాభం. పాతవి 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లు 30 వాట్లతో తిరుగుతాయి. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యానుకు నెలకు 20 యూనిట్లు మిగులుతాయి, దాని ఖరీదు సుమారు రెండేళ్ళలో తిరిగి వస్తుంది.

జవాబు: సున్నపు మిద్దె, తెనాలి

ఇంజనీరు గారు బిల్లులోని శ్లాబు సంగతి చెప్పారు, నేను నెత్తిమీది శ్లాబు సంగతి చెబుతాను. మాదీ పైకప్పు వేడితో వేగిన ఇల్లే. రాత్రి తొమ్మిదింటికి కుర్చీ ఎక్కి సీలింగుకు అరచేయి ఆనించి చూడండి. దించిన అట్లపెనం లాగా గోరువెచ్చగా తగిలితే, మీ ఏసీ చల్లబరుస్తున్నది గదిని కాదు, ఆ కాంక్రీటును. పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. బయట గాలి చల్లబడిన తరువాత కూడా పైఅంతస్తు గది ఉడుకుతూ ఉండడానికి కారణం అదే.

మా ఇంట్లో మేము వేయించింది గుల్లసున్నమే. సున్నాన్ని రాత్రి నానబెట్టి, తెల్లవారి పల్చటి గుడ్డలో వడగట్టి, పట్టు కోసం ఫెవికాల్ కలిపి, పొద్దు వాలాక రెండు పూతలు వేశాము. నడి ఎండలో వేస్తే పట్టు దొరకక పొడిలా రాలిపోతుంది. అంతకు ముందు డాబాను కడిగి, పగుళ్ళు పూడ్చి, వాననీరు నిలిచే గుంటలు సరిచేయడం తప్పనిసరి. కూలీలకు చేతి తొడుగులు, కళ్ళద్దాలు మీరే ఇవ్వండి. సున్నం కళ్ళలో పడితే పెద్ద ప్రమాదం. ఈ పూత ఒకటి రెండు వానాకాలాలకు మించి నిలవదు కాబట్టి ఏటా ఫిబ్రవరిలో మళ్ళీ వేసుకుంటాము. దుకాణాల్లో దొరికే కూల్ రూఫ్ పెయింట్లు కొన్నేళ్ళు మన్నుతాయి, ఖరీదు ఎక్కువ. ఏది వేసినా దుమ్ము పేరుకుంటే తెలుపు బూడిదరంగవుతుంది, గుణం తగ్గుతుంది. నెలకొకసారి ఊడ్చి కడగాలి.

ఒక వేసవిలో ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టి చూశాము. నీడ బాగానే ఇచ్చింది గాని, మే నెల గాలివానకు చిరిగి పక్కవారి ట్యాంకు మీద పడింది. ఆ తగవు తీరడానికి వారం పట్టింది. సాయంత్రం డాబా తడపడం కూడా పనిచేస్తుంది. అయితే శ్లాబులో పగుళ్ళుంటే ఆ నీరు ఇంట్లోకే దిగుతుంది.

అసోసియేషన్ విషయంలో, డాబా మొత్తానికి అడగకండి. మీ పడకగదుల పైభాగానికి మాత్రం, మీ ఖర్చుతో, పగుళ్ళు పూడ్చే పనితో కలిపి వేయిస్తామని కాగితం మీద రాసి ఇవ్వండి. లీకులు ఆగుతాయంటే ఎవరూ కాదనరు. పడమటి కిటికీకి లోపల పరదా వేయడం కంటే బయట వెదురు తడిక వేలాడదీయడం మేలు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక దానిని పరదా ఆపలేదు.

జవాబు: గోదావరిఖని నుంచి

కూలర్ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా బొగ్గుబావుల ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది. గడ్డి ప్యాడ్లు తడిపిన కూలర్ రోజుకు రెండు మూడు యూనిట్లతో ఇల్లంతా చల్లబరుస్తుంది. దానిని కిటికీ బయట పెట్టి, ఎదురుగా మరో కిటికీ తెరిచి ఉంచాలి. తలుపులన్నీ బిగించుకుంటే అరగంటలో గది చిత్తడవుతుంది. విజయవాడలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ మీకు దీని వలన ప్రయోజనం తక్కువ. అనంతపురం, కర్నూలు వైపు బంధువులుంటే మాత్రం చెప్పండి.

మా దగ్గర మరో చిక్కు కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు అర్హులకు బిల్లు సున్నా. వేసవిలో 201 అయితే ఆ నెల మొత్తం కట్టాలి. మే నెలలో మా వీధిలో ఇరవయ్యో తేదీ దాటితే అందరూ మీటర్ల దగ్గరే కనిపిస్తారు.

జవాబు: డల్లాస్ తెలుగువాడు

ఇక్కడి వేసవి కూడా మన వేసవి లాంటిదే. చలికాలంలో హీటింగ్ బిల్లు దానికి అదనం. ఇక్కడి ఇళ్ళకు పైకప్పుకూ సీలింగుకూ నడుమ అటక ఉంటుంది. ఇల్లు కొన్న ఏడాది నేనూ ముందు ఏసీ మార్చాలనుకున్నాను. తనిఖీకి వచ్చిన వ్యక్తి అటకలో ఇన్సులేషన్ (వేడిని, చలిని అడ్డుకునే పొర) అణిగిపోయిందని చూపించి, ముందు దానిని నింపమన్నాడు. నింపాక వేసవి, శీతకాలం రెండు బిల్లులూ తగ్గాయి. రంగు ఎండను మాత్రమే ఆపుతుంది, ఇన్సులేషన్ చలిని కూడా ఆపుతుంది. టెక్సాస్‌లో ఉన్నవారికి ఒక హెచ్చరిక: రేటు మారుతూ ఉండే ప్లాన్ తీసుకోకండి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో, టోకు మార్కెట్ ధరతో పాటు ఊగే ప్లాన్లు ఉన్నవారికి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి; ఆ తరువాత అటువంటివి ఇళ్ళకు నిషేధించారు.

జవాబు: విశ్రాంత ఇంజనీరు, గుంటూరు

సోలార్ గురించి కొందరు విడిగా అడిగారు. కేంద్ర ప్రభుత్వ సోలార్ పథకమైన పీఎం సూర్యఘర్ కింద సొంత ఇంటికి 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ వస్తుంది. ఒక్కో కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. పలకల నీడ పడినంత మేర శ్లాబు కూడా చల్లగా ఉంటుంది. అయితే ఉమ్మడి డాబా మీద ఒక్క ఫ్లాటు వారు పలకలు పెట్టాలంటే మిగతా వారందరి అంగీకారం కావాలి. సున్నానికే ఒప్పుకోని అసోసియేషన్ దగ్గర ఆ ప్రస్తావన ఇప్పుడే తేవద్దని నా సలహా.

ప్రశ్న అడిగినవారు: బెజవాడ పైఅంతస్తు

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. మీటరు దీపం నిమిషానికి 92 సార్లు మెరిసింది. అంటే 1.7 కిలోవాట్లు. మెకానిక్‌ను మార్చాము. బయటి యూనిట్ దగ్గర ఫ్లేర్ నట్టు (గ్యాస్ గొట్టాన్ని బిగించేది) వదులై, దాని చుట్టూ నూనె మరక ఉన్నట్టు కొత్తతను చూపించాడు. ఆ నట్టుతోనే ఎన్నేళ్ళుగా రెండున్నర వేలు పోయాయో! పైగా ఆ బయటి యూనిట్ ముందే మేము దుప్పట్లు ఆరేస్తున్నాము. ఇప్పుడు తీగ మార్చి కట్టాము.

నాన్నగారు 20లో పెట్టుకుని రగ్గు కప్పుకుంటారని ఇన్నాళ్ళూ గమనించలేదు. అడిగితే, "తగ్గిస్తే తొందరగా చల్లబడుతుందిరా" అన్నారు. గది చల్లబడే వేగం ఒకటేనని, తక్కువలో పెడితే కంప్రెసర్ ఆగకుండా నడుస్తుందని రెండు రాత్రులు చెప్పాక, 26కూ ఫ్యానుకూ ఒప్పుకున్నారు. రగ్గు తీసేశారు.

పడకగదుల పైన మూడు వందల చదరపు అడుగులకు, పగుళ్ళు పూడ్చే షరతుతో, అసోసియేషన్ అనుమతి దొరికింది. సున్నం వేసిన నాలుగో రాత్రి కుర్చీ ఎక్కి చేయి పెట్టి చూశాను. పూత వేయని హాలు సీలింగుకూ నాన్నగారి గది సీలింగుకూ తేడా అరచేతికే తెలుస్తోంది. ఈ లోపల వానలు మొదలయ్యాయి కాబట్టి బిల్లు తగ్గడాన్ని పూర్తిగా దీని ఖాతాలో వేయలేను. వచ్చే ఏప్రిల్ రీడింగు వచ్చాక అంకెలు ఇక్కడే రాస్తాను. ప్రస్తుతానికి నా మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: డాబా నుంచి కింది గేటు దాకా మెట్లనిండా పడ్డ తెల్లటి కాలి గుర్తులను ఎవరు కడగాలన్నది.