సముద్రపుటొడ్డు బంకర్లు: ఇసుకలోనే ఉంచాలా, బయటికి తీయాలా?

వంశధార ఒడ్డు (కళింగపట్నం):
మిత్రులకు నమస్కారం. కిందటి ఆదివారం పిల్లలను విశాఖపట్నం తీసుకువెళ్లినప్పుడు, రామకృష్ణా బీచ్ నుంచి జాలరిపేట వైపు నడుస్తూ, ఇసుకలో సగం కూరుకుపోయిన ఒక కాంక్రీటు గదిని చూశాము. దాని మీదకెక్కి ఫోటోలు దిగుతున్నవారిలో ఒక్కరికీ అదేమిటో తెలియదు. మా అబ్బాయి అడిగితే నేను కూడా సరిగా చెప్పలేకపోయాను. దీని చరిత్ర తెలిసినవారు, ఇటువంటి కట్టడాల మరమ్మతులో అనుభవం ఉన్నవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

గంటస్తంభం (విజయనగరం):
మీరు చూసినది రెండవ ప్రపంచ యుద్ధకాలపు పిల్‌బాక్స్ అండి. మనవాళ్లందరూ బంకర్ అనే అంటారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగూన్, మార్చి 23న అండమాన్ దీవులు జపాను చేతికి చిక్కడంతో, మన తీరానికీ శత్రువుకూ మధ్య బంగాళాఖాతం ఒక్కటే మిగిలింది. 1933లో తెరిచిన విశాఖ రేవు, దాని పక్కన అప్పుడే పని మొదలైన నౌకానిర్మాణ కేంద్రం ఉండటంతో ఈ తీరానికి ముప్పు మరీ ఎక్కువయింది. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి జరిగిన మర్నాడే, అంటే 6వ తేదీన, విమానవాహక నౌక నుంచి లేచిన జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆనాటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లలకు ముందు అది చూపించి తరువాత బంకర్ దగ్గరికి తీసుకువెళితే విషయం తేలికగా అర్థమవుతుంది.

పిల్‌బాక్స్ ఓడలను కొట్టడానికి కట్టినది కాదు. పడవల్లో ఒడ్డుకు దిగే సైనికులను ఆపడానికి, మందపాటి గోడల్లో సన్నని కంతలు వదిలి, లోపల మెషీన్‌గన్‌తో మనుషులను కూర్చోబెట్టేవారు. ఓడల సంగతి చూడటానికి పెద్ద ఫిరంగులు వేరే ఉండేవి. విశాఖలో నేటికీ "కోస్టల్ బ్యాటరీ" అన్న పేరు నిలిచింది కదా, అది ఆ ఫిరంగుల స్థావరాన్ని బట్టి వచ్చినదే. ఆటోవాళ్లను అడిగితే కారు బ్యాటరీల దుకాణమేదో ఉండేదంటారు!

నాగావళి (ఆమదాలవలస):
మా నాయనమ్మ ఆ సంవత్సరాన్ని "బాంబుల ఏడు" అనేది. విశాఖలో కాపురముంటున్న మా తాతగారి కుటుంబం దాడి తరువాత రైలెక్కి, అప్పట్లో చికాకోల్ రోడ్ అని పిలిచే మా స్టేషనులో దిగి, బంధువుల పశువుల సాలలో నెలల తరబడి తలదాచుకున్నారట. ఆ సాలలో పుట్టిన మా పెదనాన్నను చివరిదాకా ఊరంతా "జపాను" అనే పిలిచింది. ఆయన అసలు పేరు నాకు పెళ్లి శుభలేఖలో చూసేదాకా తెలియదు.

ఇంజనీరు మామయ్య (శ్రీకాకుళం):
మరమ్మతు గురించి అడిగారు కనుక నా అనుభవం రాస్తున్నాను. బంకర్ మీద నేను పని చేయలేదు గాని, మన జిల్లా తీరంలో తుపాను షెల్టర్లు బాగుచేసే పనుల్లో చాలాకాలం ఉన్నాను. రెండింటికీ పట్టే జబ్బు ఒకటే. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి మెల్లగా ఇంకి లోపలి చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పుకు అసలు ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు కావాలి కనుక, అది లోపలి నుంచి తోసి పైకాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. ఒక షెల్టరులో గుత్తేదారు తొందరపెడితే, తుప్పు గీకకుండానే చువ్వల మీద సిమెంటు పూసి సున్నం వేశాము. రెండు వానాకాలాలు తిరిగేసరికి పూసినదంతా, కింద బాగున్న కాంక్రీటును కూడా పట్టుకుని, ఊడి పడింది. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

కాబట్టి బంకర్ మీద ఎవరైనా సిమెంటు పూత, రంగుల బొమ్మ అంటే ముందు అడ్డుపడండి. వదులైన పెచ్చులు తీసి, చువ్వలను మెరిసేదాకా గీకి, ఉప్పు ఎంత లోతుకు దిగిందో పరీక్షించిన తరువాతే, పాతదానికి సరిపడే మిశ్రమంతో అతుకు వేయాలి. చెక్క పలకల మూసలో పోసిన ఆనవాళ్లు గోడ మీద చారలుగా కనిపిస్తే వాటిని చెరపకూడదు; కట్టిన తీరుకు అవే సాక్ష్యం.

కుర్రవాడు_95 (బొబ్బిలి):
ఇంత తంటా ఎందుకండి? పొక్లెయిన్‌తో పెకలించి మ్యూజియం ఆవరణలో పెట్టించవచ్చు కదా?

ఇంజనీరు మామయ్య (శ్రీకాకుళం):
చువ్వలు తుప్పు పట్టిన కాంక్రీటును తాళ్లు కట్టి లేపితే ముక్కలే చేతికొస్తాయి నాయనా. పైగా కంతలు ఏ దిక్కుకు చూస్తున్నాయన్నదే దాని కథ. చోటు మారితే అది వట్టి రాతి పెట్టె.

ముక్కాం తెప్ప (భోగాపురం తీరం):
ఇసుక గురించి వేటకు వెళ్లేవాడిగా రెండు మాటలు. మన తీరం వెంట ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య రుతుపవనంలో కొంత వెనక్కి వస్తుంది. రేవు గోడలు ఆ నడకను ఆపడం వల్లనే వాటికి ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్ కోతకు గురవుతోంది, డ్రెడ్జర్లతో తవ్విన ఇసుకను అక్కడికి పోయవలసి వస్తోంది. బంకర్ ఒకప్పుడు కనబడటం, మరొకప్పుడు కనబడకపోవడం అందుకే. లోతుగా పూడి ఉన్నంతకాలం దానికి అలల దెబ్బ లేదు, ఎక్కే కాళ్లు లేవు. నా మట్టుకు నాకు పునాది కింద ఇసుక జారి ఒరిగిపోవడమే అసలు భయం. చుట్టూ తవ్వి అందంగా బయటపెడితే ఆ పని మనమే చేసినవాళ్లమవుతాం.

గంటస్తంభం (విజయనగరం):
తెప్పగారి మాటతో నేను ఏకీభవిస్తాను. చట్టం సంగతి కూడా చూడాలి. 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టం కనీసం 100 ఏళ్లు నిండిన వాటికే వర్తిస్తుంది కనుక, 1942లో కట్టినదానికి ఆ రక్షణ 2042 దాకా అందదు. వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ వంటి సంస్థలు తమ జాబితాలో చేర్చగలవు గాని, ఆ జాబితాకు చట్టబలం లేదు. ఈలోగా మన చేతిలో ఉన్నది కొలతలు, ఫోటోలు, పెద్దల మాటలు నమోదు చేయడం.

పాత కాగితాలు వెతికేవారికి ఒక సూచన. 1942లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ మద్రాసు ప్రావిన్సులోని విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. మొదటిది 1950లో, రెండవది 1979లో విడిపోయాయి. నేటి జిల్లా పేరుతో అడిగితే గుమస్తా లేదనే చెబుతాడు. చికాకోల్, వైజాగపటం అన్న పాత పేర్లతో చెన్నై ఎగ్మూరు పత్రాగారంలో అడగండి.

వంశధార ఒడ్డు (కళింగపట్నం):
అందరికీ కృతజ్ఞతలు. వచ్చే అమావాస్యనాడు బాగా ఆటు తీసిన వేళకు చేరుకుని, ఏమీ తవ్వకుండా, పైకి కనిపించినంతవరకే కొలుద్దామని అనుకుంటున్నాను. నాగావళిగారు నాయనమ్మ మాటలను రాసిపెట్టగలరా? మామయ్యగారి దగ్గర 30 మీటర్ల టేపు ఉంటే నేను దిక్సూచి తెస్తాను.

ఇంజనీరు మామయ్య (శ్రీకాకుళం):
టేపు ఉంది. గోడ మందం కంత దగ్గరే కొలవాలి, మరచిపోకండి.