పదమూడో పేకముక్క కింద ఏ మాట రాయాలి: చావు, మరణం, మృత్యువు

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్ నైరుతి ప్రాంతంలోని ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాను. ఇక్కడి పేగన్ (క్రైస్తవానికి ముందటి దేవతలను కొలిచే) బృందమొకటి ఏటా ఆగస్టు 1న లామస్ అనే తొలి కోతల పండుగ జరుపుకుంటుంది. ఈసారి పండుగ పందిట్లో, జోస్యానికి వాడే టారో పేకముక్కలను వరుసగా పెట్టి, ఒక్కొక్క బొమ్మలో ఏముందో వివరించే పత్రం ఉంచుతారట. వచ్చేవారిలో నాలుగైదు తెలుగు కుటుంబాలున్నందువల్ల ఆ పత్రాన్ని తెలుగు చేసే పని నాకు అప్పగించారు.

పదమూడో ముక్క దగ్గర పని ఆగిపోయింది. అది అస్థిపంజరం బొమ్మ ఉన్న ముక్క. దాని పేరు ‘మరణం’ అని రాస్తే పురపాలక సంఘం ఇచ్చే ధ్రువపత్రం గుర్తుకొస్తోంది. ‘చావు’ అని రాస్తే పండుగ పూట ఆ మాటేమిటని మా అత్తగారు మందలిస్తున్నారు. ‘యముడు’ అందామంటే దున్నపోతు వచ్చి కళ్ళ ముందు నిలుస్తోంది. దాని కిందనే ‘ఇది మరణాన్ని కాదు, పునర్జన్మను సూచిస్తుంది’ అని నేను తెలుగు చేసిన వాక్యమొకటి ఉంది. అందులో ఏదో తప్పుందని తోస్తోందిగాని, అదేమిటో పట్టుబడటం లేదు. ఇక ‘పేగన్’ అన్న మాటకు నిఘంటువులో ‘అన్యమతస్థుడు’ అని ఉంది. పిలిచి రొట్టె పెట్టేవారిని ఆ మాటతో పేర్కొనడానికి మనసొప్పడం లేదు. పెద్దలు దారి చూపగలరు.

మొదటి సమాధానం

అమ్మా, చివరి సందేహం తేలికైనది కనుక దానితో మొదలుపెడతాను. లాటిన్‌లో ‘పాగానుస్’ అంటే మొదట పల్లెటూరివాడు. క్రైస్తవం పట్టణాల్లో స్థిరపడిన తరువాత ఆ మాటకు పాతదేవతలను కొలిచేవాడన్న అర్థం వచ్చింది. మన బైబిలు అనువాదంలోని ‘అన్యజనులు’ అనే మాట ఛాయే నిఘంటువులోని ‘అన్యమతస్థుడు’ మీద కూడా పడింది. అది ఎదుటివారు పెట్టిన పేరు. వారు తమను తాము పేగన్లని గర్వంగా చెప్పుకుంటున్నప్పుడు మీరూ ‘పేగన్’ అనే ఉంచండి.

ముక్క పేరు తేల్చడానికి ముందు మీరు చూస్తున్నది ఏ పేకలోని బొమ్మో తెలియాలి. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. మొత్తం 78 ముక్కలు, అందులో 22 తురుపులు, వాటిలో పదమూడోది ఈ ముక్క. ఇది ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమన్న ప్రచారం 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడి ఊహతో మొదలైంది. దానికి ఆధారం లేదు. మీ పత్రంలో ‘ప్రాచీన పేగన్ చిహ్నం’ అని ఎక్కడైనా ఉంటే ఆ ‘ప్రాచీన’ను మర్యాదగా తీసివేయండి. లామస్ మొదట క్రైస్తవుల పండుగే: ప్రాచీన ఇంగ్లీషులో ‘హ్లాఫ్‌మాసె’, అంటే కొత్త గోధుమల రొట్టెను గుడికి తెచ్చే నాటి ఆరాధన. అదే రోజుకు ఐర్లండ్‌లో లూనసా అన్న పేరు ఉంది. అది లూగ్ అనే దేవుడి పేరు మీద వచ్చింది. అడవిని నరికి నేలను సాగుకు తెచ్చి, ఆ శ్రమతోనే ప్రాణం విడిచిన తన పెంపుడు తల్లి టాల్తియు స్మృతికి ఆయన ఏర్పరచిన జాతర అది అని వారి కథ. పంట పండుగలో చావు ప్రసక్తి ఏమిటని మీ అత్తగారు అడిగితే ఈ కథ చెప్పండి. ఇలాంటి పండుగలన్నింటినీ కలిపి ఏడాదికి ఎనిమిది పండుగల చక్రంగా అమర్చడం మాత్రం 1950ల నాటి బ్రిటన్‌లో జరిగిన పని.

ఇక బొమ్మ. ఫ్రాన్సులో స్థిరపడిన మార్సెయ్ పేకలో అస్థిపంజరం పొడుగు పిడి ఉన్న కొడవలితో నల్లని నేలను కోస్తుంటుంది. ఆ నేల మీద తలలు, చేతులు, పాదాలు మొలకల మధ్య చెల్లాచెదరుగా పడి ఉంటాయి, ఒక తల మీద కిరీటం కూడా ఉంటుంది. మిగిలిన తురుపులకు కింద పేరు ఉంటే, దీనికి సాధారణంగా అంకె తప్ప పేరు ఉండదు. ఫ్రెంచివారు దీన్ని ‘పేరులేని ముక్క’ అనే పిలుస్తారు. పాము కరిచిందనకుండా ‘పురుగు ముట్టింది’ అనే మనకు ఈ జాగ్రత్తను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

1909లో లండన్‌లో వెలువడిన పేకలో, అంటే ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచనకు పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీసిన దానిలో, ఈ కోత కనిపించదు. అక్కడ నల్ల కవచం తొడిగిన అస్థిపంజరం తెల్లగుర్రం మీద వస్తుంది. చేతిలో కొడవలికి బదులు నల్లజెండా, జెండా మీద అయిదు రేకుల తెల్ల గులాబీ ఉంటాయి. రాజు నేల మీద పడి ఉంటాడు, బిషప్ చేతులు జోడిస్తాడు, కన్య ముఖం తిప్పుకుంటుంది, పసివాడు మాత్రం కళ్ళెత్తి చూస్తాడు. వెనుక రెండు బురుజుల మధ్య సూర్యుడు ఉంటాడు. వెయిట్ దాన్ని అమృతత్వ సూర్యుడనే అర్థంలో పేర్కొన్నాడు. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది ఈ పేకే కనుక మీ పందిట్లోనూ ఇదే ఉండవచ్చు. అలా అయితే ‘మృత్యువు’ అన్న మాటే దీనికి తగినది. ‘మృత్యువు’లోనూ ‘అమృతం’లోనూ ఉన్నది ఒకే ధాతువు. ఒక బొమ్మలోనే మృత్యువూ అమృతత్వమూ ఎదురెదురుగా నిలిచినప్పుడు, ఆ రెండింటినీ ఒకే మొదలు నుంచి పలికించగల మాట మన దగ్గర ఉండగా వేరొకటి వెతకడమెందుకు? ఇటాలియన్ ‘మోర్తె’, ఫ్రెంచి ‘మోర్’ కూడా ఈ ధాతువుకు దాయాదులే. ఆ భాషల్లో అవి స్త్రీలింగాలు. మహాభారతంలో మృత్యువు కూడా స్త్రీయే. ప్రాణులను హరించే పని తనకు వద్దని ఆమె బ్రహ్మ ముందు ఏడుస్తుంది. తెలుగులో ‘మృత్యువు వచ్చింది’ అంటే స్త్రీ అయినా చెల్లుతుంది, ఏదీ కాకపోయినా చెల్లుతుంది. అస్థిపంజరానికి అంతకన్నా సరిపోయే క్రియ లేదు.

‘పునర్జన్మ’ మాత్రం వద్దు. మీకు తప్పుగా తోచినది అదే. మన పాఠకుడికి పునర్జన్మ అంటే కర్మ, దేహాంతరం, పూర్వజన్మ బంధం. ముక్క చెప్పేది అది కాదు. అది చెప్పేది ఈ జీవితంలోనే ఒకటి ముగిసి మరొకటి మొదలవడం గురించి. పొలం భాషలో దీనికి ఒక పాత వాక్యం ఉంది. కఠోపనిషత్తులో తండ్రి కోపంతో ‘మృత్యవే త్వా దదామి’, అంటే నిన్ను మృత్యువుకు ఇచ్చేస్తున్నానని అన్నప్పుడు నచికేతుడు తండ్రితో పలికిన మాట ఇది: ‘సస్యమివ మర్త్యః పచ్యతే సస్యమివాజాయతే పునః’. మనిషి పైరులా పండుతాడు, పైరులా మళ్ళీ పుడతాడు. ఇందులో ‘పచ్యతే’ అన్న క్రియను గమనించండి. సంస్కృతంలో వండడానికీ పండడానికీ ఆ ధాతువు ఒక్కటే. మన ‘పండు’ కూడా తక్కువదేమీ కాదు: పంట పండుతుంది, ఆకు పండుతుంది, తల పండుతుంది, చివరికి మనిషి ‘పండు ముసలి’ అవుతాడు. ఆ తరువాత కోత ఎలాగూ తప్పదు.

మరొక సభ్యురాలు

పై సమాధానంలోని చాలా విషయాలతో నాకు పేచీ లేదు గాని, ‘మృత్యువు’ దగ్గర ఆగాలి. ధాతువే ప్రమాణమైతే ‘మరణం’, ‘అమరుడు’ కూడా అక్కడి నుంచే వచ్చాయి కదా; ఆ జంటకు లోపమేమిటి? అసలు ఇది రైతుల పండుగ. ఇంగ్లీషులో ఆ ముక్క మీద ఉన్నది పిల్లవాడికి కూడా తెలిసిన మాట. దానికి తత్సమం తగిలిస్తే బొమ్మ పురాణంలోకి పోతుంది.

‘చావు’ మోటు మాట అనడం మనుషుల విషయంలోనే చెల్లుతుంది. మొక్క చచ్చిపోయిందంటే ఎవరూ మందలించరు. తెలుగు బైబిలులో యోహాను సువార్త 12వ అధ్యాయంలో ‘గోధుమగింజ భూమిలో పడి చావకుండినయెడల అది ఒంటిగానే యుండును, అది చచ్చినయెడల విస్తారముగా ఫలించును’ అని ఉంది. మా తాతగారు పాస్టరు కాదు, కౌలురైతు. ఆదివారం ఈ వాక్యం చదివినప్పుడు ‘చచ్చినయెడల’ దగ్గర ఆయన గొంతు తగ్గించడం నేనెప్పుడూ చూడలేదు. గింజ విషయంలో ఆ క్రియ అంత సహజం.

పనిముట్టు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ‘కొడవలి’ అని ఊరుకుంటే మనవాళ్ళకు వంగి ఒంటి చేత్తో వరి కోసే చిన్న కొడవలే కనబడుతుంది, లేదా సుత్తి పక్కన ఉన్నది. మార్సెయ్ బొమ్మలోనిది నిలబడి రెండు చేతులతో ఊపి కోసేది. ఆ పనిముట్టు మన పొలాల్లో లేదు కనుక పేరు కూడా లేదు. ‘పొడుగు పిడి కొడవలి’ అని వివరించడమే ఉత్తమం.

మొదటి సమాధానం రాసినవారు

బైబిలు వాక్యం ముందు నా వాదం కొంత వీగిపోయింది, ఒప్పుకుంటున్నాను. అయితే ‘చావు’ నామం వేరు, ‘చచ్చు’ క్రియ వేరు. ఆ వాక్యానికి బలం వచ్చింది క్రియ వల్లనే. ముక్క కింద ‘చావు’ అని ఒంటరిగా అచ్చువేస్తే ఆ గింజా ఉండదు, ఆ నేలా ఉండదు, ఊళ్ళో డప్పు మాత్రమే వినిపిస్తుంది. కనుక పేరుకు నామం, వివరణకు క్రియ అని రాజీపడదాం. ‘మరణం–అమరుడు’ గురించి: అమరుడు దేవుడో, వీరుడో అవుతాడు, సూర్యుడి వెలుగుకు ‘అమృత’ అన్న మాటే దగ్గర.

మరొకటి గుర్తుకొచ్చింది. ఇంట్లో బియ్యం అయిపోతే మన ఆడవాళ్ళు ‘అయిపోయాయి’ అనరు, ‘నిండుకున్నాయి’ అంటారు. దీపం ఆరితే ‘కొండెక్కింది’ అంటారు. మరోవైపు మనిషి పోతే ‘నూకలు చెల్లాయి’ అంటారు. గాదె ఖాళీ అయితే నిండడమనీ, ఆయుష్షు తీరితే గింజలు చెల్లడమనీ చెప్పే భాషకు, ముగింపులో మొదలు ఉందన్న భావాన్ని కొత్తగా అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. మీ వివరణలో ‘నిండుకోవడం’ వాడగలరేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పందిట్లో రెండు పేకలూ పెడుతున్నారని ఈ రోజు తెలిసింది. కాబట్టి మార్సెయ్ ముక్క కింద అసలులో ఉన్నట్టే 13 అన్న అంకె ఒక్కటే ఉంచుతాను, 1909 నాటి ముక్క కింద ‘మృత్యువు’ అని రాస్తాను. వివరణ వాక్యాన్ని ఇలా మార్చాను: ‘కోసిన పైరుతో పొలం నిండుకుంటుంది, నేలలో పడి చచ్చిన గింజే మళ్ళీ మొలుస్తుంది.’ ‘పునర్జన్మ’ను కొట్టేశాను.

పత్రం చివర ఇంకొక చిక్కు వచ్చి పడింది. కోతలో చివరి పనను జడలా అల్లి బొమ్మ చేసి, చలికాలమంతా ఇంట్లో దాచి, వసంతంలో తొలిచాలులో కలిపి దున్నే ఆచారం గురించి అందులో ఉంది. దాని ఇంగ్లీషు పేరు ‘కార్న్ డాలీ’ చూసి తొందరపాటుతో ‘మొక్కజొన్న బొమ్మ’ అని రాశాను. ఇక్కడివారి వాడుకలో ‘కార్న్’ అన్న మాటకు గోధుమ, బార్లీ వంటి ధాన్యం అని అర్థమని తరువాత తెలిసి సిగ్గుపడ్డాను. డెవన్, కార్న్‌వాల్ రైతులు ఆ చివరి పనను ‘మెడ’ అంటారు. దాన్ని ఎత్తిపట్టి ‘దొరికింది’ అని ఒకరు, ‘ఏం దొరికింది’ అని మిగతావారు, ‘మెడ’ అని మళ్ళీ మొదటివారు అరిచే వేడుక కార్న్‌వాల్‌లో ఇప్పటికీ ఉంది. ధాన్యపు కంకికి మనం ‘వెన్ను’ అంటాము కనుక ‘వెన్నుల బొమ్మ’ అని మార్చాను. వారిది మెడ, మనది వెన్ను.

ఆ బొమ్మ ఫొటో మా అత్తగారికి చూపించాను. ‘మన వరి కుచ్చే కదా, సంక్రాంతికి చూరుకు కట్టేది’ అన్నారు. కాదు, దీన్ని మళ్ళీ దున్నేస్తారని చెబితే, మరి పిచ్చుకలు ఏం తింటాయని అడిగారు.