పడమటి పిల్లల గదికి గంధం రంగా, లేత నీలమా? ఫెంగ్ షుయ్ లెక్క పట్టుకోవచ్చా?

కొత్త ఇల్లు, కందుకూరు:
ఇంటికి పడమర వైపున్న గది పిల్లలకి అనుకున్నాం. 10 బై 11 అడుగులు, ఎత్తు 10. కిటికీ పడమటి గోడకే. పాత ఇంటి టేకు తలుపు, పసుపు ఎనామెల్ వేసింది, దీనికే బిగించాం. ఫెంగ్ షుయ్ (చైనావాళ్ల వాస్తు) చూసినాయన గంధం రంగు వేయమన్నారు, నీలం వద్దన్నారు. వాస్తు చూసినాయన లేత నీలమే సరైందన్నారు. లప్పం పని అయిపోయింది. ఎవరి మాట వినాలి?

ఫెంగ్ షుయ్, నెల్లూరు:
గంధం రంగే సరైందండీ, కారణం చెప్తాను. ఫెంగ్ షుయ్‌లో పడమర లోహం దిక్కు, పిల్లల దిక్కు కూడా. మట్టి లోహాన్ని పుట్టిస్తుంది కాబట్టి గంధం, క్రీమ్, ఇసుక రంగులు దానికి బలం. తెలుపు, లేత బూడిద లోహం సొంత రంగులు. నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, అందుకే ఎరుపు, ముదురు నారింజ పనికిరావు. లోహం నీటిని పుట్టించి తన బలం పోగొట్టుకుంటుంది, అందుకే నీటి రంగైన నీలం వద్దంటారు. నీలం చెడ్డ రంగని కాదు, ఈ దిక్కుకి కాదని.

ఒక్క మాట ముందు తేల్చుకోండి. దిక్సూచి పెట్టి చూశారా, వాకిలి నుంచి లెక్క కట్టారా? రెండు పద్ధతులున్నాయి. వాకిలి పద్ధతిలో గుమ్మంలో లోపలికి మొహం పెట్టి నిలబడితే కుడి చేతి వైపు మధ్య భాగం పిల్లలది, అది ఏ దిక్కైనా సరే. ఈ రెండూ కలిపి చెప్పేవాళ్ల దగ్గరే తికమక అంతా. దిక్సూచి అయితే ఇంటి మధ్యలో మూడు చోట్ల చూడండి. ఇనుప బీరువా, ఇన్వర్టర్ పక్కన ఫోన్‌లో దిక్సూచి చూస్తే ముల్లు ఎటో తిరిగిపోతుంది.

వాస్తు, ఒంగోలు:
వాస్తులో పడమరకి అధిపతి వరుణుడు, గ్రహం శని. అందుకే నీలం. ఫెంగ్ షుయ్ అదే పడమరని లోహం అంటుంది. ఆగ్నేయం మనకి అగ్ని మూల, వాళ్లకి కర్ర, ఆకుపచ్చ. ఈశాన్యం మనకి నీరు, వాళ్లకి మట్టి. పునాది లెక్కే వేరైనప్పుడు సగం ఇది, సగం అది తీసుకుంటే ఏ శాస్త్రమూ పాటించినట్టు కాదు. ఇల్లు వాస్తు ప్రకారం కట్టి, రంగు దగ్గరికొచ్చేసరికి చైనా లెక్కకి మారడం నాకు ససేమిరా నచ్చదు.

పెయింటింగ్ కాంట్రాక్టర్, కావలి:
మీ ఇద్దరూ డబ్బా మీద పేరు చూసి మాట్లాడుతున్నారు. గోడ మీద కనపడేది వేరే రంగు. పడమటి కిటికీ గదిలో సాయంత్రం నాలుగింటికి వచ్చే ఎండ పసుపుగా ఉంటుంది. ఆ వెలుగులో గంధం రంగు ముదురు పసుపుకి తిరుగుతుంది, లేత నీలం మురికి బూడిదలా కనిపిస్తుంది. రాత్రి 6500 కెల్విన్ తెల్ల ట్యూబు వేస్తే అదే గంధం పాలిపోతుంది. అందుకని రెండు రంగులూ చిన్న డబ్బాల్లో తెచ్చి పడమటి గోడకీ దాని ఎదురు గోడకీ రెండడుగుల చదరంలో రెండేసి కోట్లు వెయ్యండి. పొద్దున, నాలుగింటికి, రాత్రి లైటు కింద చూడండి. వేలెడంత షేడ్ కార్డు చూసి నిర్ణయించినవాళ్లే తర్వాత గోడ చూసి గొడవ పెట్టుకునేది.

లెక్క: గోడలు 420 చదరపు అడుగులు. తలుపు 21, కిటికీ 16 తీస్తే 383. రెండు కోట్లకు లీటరుకి 60–65 చదరపు అడుగులు అనుకుంటే ఆరు లీటర్లు, కొంచెం అటూ ఇటూ. మొత్తం ఒకేసారి మెషీన్లో కలిపించండి. తర్వాత తెచ్చిన లీటరు అచ్చంగా కలవదు, గోడ మధ్యలో అతుకు కనపడుతుంది.

అన్నిటికన్నా ముందు చెమ్మ. మన తీరంలో రంగు ఊడిపోయేది దిక్కు తప్పి కాదు, గోడలో ఉప్పు పొంగి. అడుగు చదరం ప్లాస్టిక్ షీటుని నాలుగు వైపులా టేపు వేసి అంటించి ఒక రోజు వదిలెయ్యండి. గోడ వైపు నీటి బొట్లు పట్టాయంటే లోపల చెమ్మ ఉన్నట్టే. ముఖ్యంగా బాత్రూం గోడ ఇటు పక్కన చూడండి. చెమ్మ మీద ప్రైమర్ కొడితే పొక్కులొచ్చి లప్పంతో సహా పెచ్చులూడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, ఆ రోజుల్లో కోటుకీ కోటుకీ మధ్య డబ్బా మీద రాసిన నాలుగు గంటలు చాలవు.

సివిల్ ఇంజినీరు, నెల్లూరు:
ఆ పసుపు తలుపు సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు అదే భయంగా ఉంది. పాత ఎనామెల్‌లో, అందులోనూ పసుపు, నారింజ, ఎరుపుల్లో, సీసం కలిసిన రంగుపొడి వాడేవాళ్లు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదనే నియమం 2016లో వచ్చి 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన తలుపుని పొడి ఎమిరీ కాగితంతో గీకితే ఆ దుమ్ము నేల మీద పడుతుంది, నాలుగేళ్లవాడి చేతికంటి నోట్లోకి పోతుంది. తలుపు ఊడదీసి బయట పెట్టి, నీళ్ల ఎమిరీతో తడుపుతూ రుద్దండి. ఆ మడ్డిని గుడ్డతో ఎత్తి కవర్లో కట్టి పారెయ్యండి. పిల్లలు ఆ పక్కకి రాకూడదు. పిల్లల మంచి కోసమే రంగు చూసుకుంటున్నారు గదా, దీని తర్వాతే ఏ దిక్కైనా.

ఎండ వేడి గురించి కూడా ఒకటి. లోపల నీలం వేస్తే గది చల్లబడదు. చల్లగా అనిపిస్తుంది, అంతే. వేడి తగ్గాలంటే పడమటి గోడ బయటి వైపు తెల్లటి రంగు వెయ్యండి.

ఫెంగ్ షుయ్, నెల్లూరు:
తలుపు మాట ఒప్పుకుంటున్నాను. వాస్తు గారు చెప్పినట్టు రెండూ కలపొద్దు, అదీ నిజమే. కానీ రంగు ఒట్టి నమ్మకమని తీసెయ్యకండి. పడక గది శాంతంగా ఉండాలని మా లెక్కే చెప్తుంది, అందుకే నాలుగు గోడలకీ కొట్టొచ్చే రంగు వద్దంటాం. రంగుకన్నా ముందు మంచం చూడాలి. తల గట్టి గోడకి ఆనాలి, కిటికీ కింద కాదు. పడుకుంటే తలుపు కనపడాలి గానీ కాళ్లు నేరుగా గుమ్మానికి ఉండకూడదు. నేల కూడా లెక్కే. చీమకుర్తి నల్ల గ్రానైట్ పరిచి ఉంటే నలుపు నీటి రంగు కాబట్టి గోడకి మళ్లీ నీలం అసలు వద్దు, గంధమే తూకం.

కొత్త ఇల్లు, కందుకూరు:
నేల నల్ల గ్రానైటే. గంధం వైపే మొగ్గుతున్నాం. పిల్లలు గోడల మీద గీస్తారు, మ్యాట్ (మెరుపు లేని రంగు) వెయ్యొచ్చా?

పెయింటింగ్ కాంట్రాక్టర్, కావలి:
మ్యాట్ వద్దు. తడిగుడ్డతో రుద్దిన చోటల్లా మెరుపు మచ్చ పడుతుంది. కడగడానికి వీలైన సాటిన్ (కాస్త మెరుపున్న రంగు) తీసుకోండి. కాకపోతే దాని మెరుపులో లప్పం గతుకులు బయటపడతాయి, ప్రైమర్‌కి ముందు గోడకి పక్కగా బల్బు పట్టి ఒకసారి చూసుకోండి. అర లీటరు మిగిల్చి, షేడ్ నంబరు, తేదీ మూత మీద రాసి నీడలో దాచండి.