గాలి సంచులు వేస్తే పికప్ ట్రక్కు ఎక్కువ బరువు మోస్తుందా?

సంచారి: మా హాఫ్ టన్ను తరగతి (అది పేరే, మోసే బరువు కాదు) పికప్ డ్రైవరు తలుపు దగ్గరి పసుపు స్టిక్కరు మీద, మనుషులు, సామాను కలిపి 1,650 పౌండ్లు మించకూడదని ఉంది. వెనక తొట్టిలో కూర్చోబెట్టే క్యాంపర్ ఒకటి నచ్చింది. ఖాళీ బరువు 1,300. వేసవిలో డెన్వర్ నుంచి కొండదారిలో యూటాలోని మోయాబ్ వెళ్లాలి. వెనక స్ప్రింగులకు తోడుగా గాలి సంచులు వేయిస్తే సరిపోతుందా?

రాతిబాట: సరిపోతుంది. నా ట్రక్కుకు ఉన్నవి అవే. వెనక భాగం కుంగదు, హెడ్‌లైట్లు పైకి లేవవు. ఆ స్టిక్కరు కంపెనీ తన భద్రత కోసం అంటించుకున్నది.

మెకానికల్98: సరిపోదు. లెక్క వేయండి. 30 గ్యాలన్ల నీళ్లే 250 పౌండ్లు. నలుగురు మనుషులు 600. క్యాంపర్ 1,300తో కలిపి ఇక్కడికే 2,150. గ్యాసు సిలిండరు, అదనపు బ్యాటరీలు, వంట సామాను ఇంకా ఎక్కలేదు. గాలి సంచి కుంగిన వెనక భాగాన్ని లేపుతుంది, అంతే. బరువు ఎప్పటిలాగే యాక్సిల్, బేరింగులు, టైర్లు, బ్రేకుల మీదే పడుతుంది.

రాతిబాట: టైర్లు లోడ్ రేంజ్ ఇ, అంటే ఎక్కువ బరువు మోసే రకం, వేయించాను. ఇంకా టైర్ల మాట ఎందుకు?

మెకానికల్98: టైర్లు మారాయి. యాక్సిల్ మారిందా?

ఉప్పాడ: ఎవరైనా తూకం వేయించారా? ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని వాహనాలు తూచే కాటా ఉంటుంది. ముందు, వెనక యాక్సిళ్ల బరువు విడివిడిగా కాగితం మీద ఇస్తారు.

రాతిబాట: నాకు ఆ అవసరం రాలేదు.

మెకానికల్98: నాకు వచ్చింది. ఒక షాపులో ఇదే మాట నమ్మించి సంచులు బిగించారు. రాళ్ల దారిలో బ్రాకెట్ పక్కన ఫ్రేము పగిలింది. వారంటీ వర్తించదన్నారు.

రాతిబాట: అది బిగింపులో లోపం. సంచుల తప్పు ఎలా అవుతుంది?

మెకానికల్98: బిగింపు సరిగ్గానే ఉంది. మోయలేని బరువు మోయించారు.

రాతిబాట: ఎవరు ఏది అడిగినా మీ జవాబు ఒకటే, పెద్ద ట్రక్కు కొనమని. ఇంటి అప్పు మీద ఇంకో అప్పు ఎవరు తీరుస్తారు? మా అమ్మ ఆరు నెలలు ఉండడానికి వచ్చింది. మోకాళ్ల నొప్పులు. డేరాలో నేల మీద పడుకోలేదు, రాత్రి చీకట్లో మరుగుదొడ్డికి నడవలేదు. మళ్లీ వస్తుందో రాదో తెలియదు. ఆమెకు మోయాబ్ ఎర్రకొండలు చూపించడానికి నాకున్న దారి ఈ క్యాంపర్ ఒక్కటే. మీరు దాన్ని లెక్కలతో మూసేస్తున్నారు.

మెకానికల్98: అమ్మగారు కూర్చునేది ఆ ట్రక్కులోనే కదండీ! మోయాబ్ దారిలోని ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైన ఉంది. అక్కడి నుంచి సిల్వర్‌థార్న్ ఊరి దాకా ఒకటే దిగుడు. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలితే మీ ముందున్న కారులోని వాళ్లూ పోతారు. వాళ్లను అడిగారా? పెద్ద ట్రక్కు కొనమని నేను అనడం లేదు. సొంత బ్రేకులున్న చిన్న ట్రైలరు చూడండి. దాని బరువులో 10 నుంచి 15 శాతమే ట్రక్కు మీద పడుతుంది.

రాతిబాట: ఇంటి ముందు ట్రైలరు పెట్టనివ్వరు మా కాలనీ సంఘం వాళ్లు. బయట నిలపడానికి నెలనెలా అద్దె. మళ్లీ డబ్బు దగ్గరికే వచ్చాం.

సంచారి: క్యాంపర్‌కు ఇంకా బయానా ఇవ్వలేదు. శనివారం ఇంటిల్లిపాదినీ ఎక్కించి, ముందు ఖాళీ తొట్టితోనే తూకం వేయిస్తాను. కాగితం ఇక్కడ పెడతాను.

రాతిబాట: పెట్టండి. నాదీ తూయిస్తాను. అద్దె సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.