ఇంట్లో అందరికీ అన్నం, నాకొక్కదానికే లో కార్బ్: వంట ఎలా నెట్టుకొస్తున్నారు?

తెనాలి కోడలు:
షుగర్ ఉండటంతో నాలుగు నెలలుగా లో కార్బ్, అంటే అన్నం, రొట్టెల్లాంటి పిండిపదార్థం బాగా తగ్గించిన తిండి. మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 8.1 నుంచి 6.6కి దిగింది. తినడం కష్టంగా లేదు, వండటమే కష్టంగా ఉంది. అత్తయ్య గారికి మెత్తటి అన్నం, పప్పు. పిల్లలకి దోసెలు, ఆయనకి రాత్రి చపాతీ. నాది విడిగా చేసుకునేసరికి రెండు గంటలు పొయ్యి దగ్గరే. ఒకే వంటతో సరిపెడుతున్నవాళ్లు చెప్పండి. బొబ్బట్టు వద్దంటే అత్తయ్య గారు చిన్నబుచ్చుకుంటున్నారు, దానికీ దారి చెప్పండి.

రెండేళ్ల డైట్:
అక్కా, కూర విడిగా వండనేవద్దు. దొండకాయైనా వంకాయైనా కిలో బదులు కిలోన్నర కొని అందరికీ ఒకటే వేపుడు చేయండి. నేను కంచం నిండా కూర పెట్టుకుని, పక్కన రెండు గుడ్లు వేసుకుంటా. పప్పులో కందిపప్పు అర గ్లాసు, గోంగూర నాలుగు కట్టలు. మా ఇంట్లో ఎవరూ తేడా అడగలేదు.

పాలమూరు పిల్లోడు:
ఇంత టెన్షన్ ఎందుకు? అందరూ జొన్నరొట్టె తినండి, లేదంటే కొర్రన్నం. ఒకే వంట అయిపోతుంది. మా నాయనమ్మ జొన్నరొట్టె తినే 86 ఏళ్లు బతికింది.

రెండేళ్ల డైట్:
జొన్నరొట్టె లో కార్బ్ ఎలా అవుతుంది అన్నా? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలు చూడండి. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు, జొన్నల్లో 68, రాగుల్లో 67. అన్నం మానేసి నాలుగు రొట్టెలు తింటే ఏం ఒరిగినట్టు?

పాలమూరు పిల్లోడు:
అదే పట్టికలో పీచు కూడా ఉంటుంది, అది చెప్పరేం? జొన్నల్లో 10 గ్రాములు, బియ్యంలో 3 కూడా లేదు. మా ప్రాంతం తిండిని తక్కువ చేసి మాట్లాడకండి.

రెండేళ్ల డైట్:
తిండిని అనలేదు, లెక్క చెప్పాను. షుగర్ ఉన్నవాళ్లు మీ మాట నమ్మి తింటే నష్టపోయేది వాళ్లే.

డైట్ చార్టుల సార్:
14 ఏళ్లుగా వందల మందికి చార్టులు రాస్తున్నాను. ఇద్దరూ గింజ దగ్గరే ఆగిపోయారు. చూడాల్సింది కొలత. ముందు కూర, గుడ్డు తినండి, రొట్టె చివర్లో ఒక్కటి. నేను చెప్పినట్టు చేసినవాళ్లకి తేడా కనబడింది.

మీటర్ మావయ్య:
చార్టులెందుకండీ, వేలికి గుచ్చి చూసుకోండి. తిన్న రెండు గంటలకి నాకు అన్నంతో 214, రెండు జొన్నరొట్టెలతో 188, వంకాయ కూర, గుడ్లతో 131. నా ఒంటి లెక్క ఇది, మీది మీరు చూసుకోండి.

ఫ్రిస్కో అమ్మ:
క్యాలీఫ్లవర్ పులిహోర ఎవరూ చెప్పలేదేంటి? తురిమి, పలుచటి గుడ్డలో మూటగట్టి గట్టిగా పిండాలి. బాణలిలో మూత పెట్టకుండా ఐదు నిమిషాలు వేయించాలి. మూత పెట్టారో, ముద్దైపోతుంది. చింతపండు గుజ్జు సగమే వేసి, మిగతా పులుపు చివర్లో నిమ్మరసంతో తేవాలి. పల్లీలు, ఇంగువ మాత్రం తగ్గించొద్దు.

పాలమూరు పిల్లోడు:
గోబీ తురుముని పులిహోర అనకండి, దండం పెడతా.

మందుల షాపు అన్న:
వంటల సంగతి తర్వాత. తెనాలి అక్కా, మాత్రలు ఏం వాడుతున్నారు? మా నాన్న షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటూనే డాక్టర్‌కి చెప్పకుండా అన్నం మానేశారు. మూడో రోజు తెల్లారుజామున చెమటలు పట్టి, మాట తడబడి మంచం మీదే ఒరిగిపోయారు. మీటర్‌లో 48. చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకున్నారు. ఇన్సులిన్ వాడేవాళ్లకీ ఇదే ప్రమాదం. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడుతూ పిండిపదార్థం బాగా తగ్గిస్తే, షుగర్ మామూలుగా కనబడుతున్నా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాలు) ప్రమాదకరంగా పెరగొచ్చు. డాక్టర్‌తో మాట్లాడాకే అన్నం తగ్గించండి.

తెనాలి కోడలు:
థాంక్స్ అన్నా, నాకు మెట్‌ఫార్మిన్ ఒక్కటే, ఈ డైట్ కూడా డాక్టర్ గారికి చెప్పే మొదలుపెట్టాను. రాత్రి నాలుగు కట్టల గోంగూర పప్పు చేశాను. అత్తయ్య గారు రెండోసారి వడ్డించుకున్నారు, కానీ పిల్లలు పులుపని తినలేదు. బొబ్బట్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ల డైట్:
ఎర్రకాడ గోంగూర వేశారా? అది బాగా పులుపు. తెల్లకాడది తెచ్చి చూడండి.

ఫ్రిస్కో అమ్మ:
మాకిక్కడ ఎర్రకాడదే దొరుకుతుంది. సగం పాలకూర కలిపితే పిల్లలు తింటారు.