ప్రెస్టన్ జట్టు ‘అజేయ’మా, ‘అపరాజిత’మా?

ప్రశ్న: ఇంగ్లండులో ఫుట్‌బాల్ లీగు మొదలైన 1888–89 సీజన్‌లోనే ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్బు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా విజేత అయింది. ఆ జట్టును అక్కడివారు నేటికీ ‘ఇన్విన్సిబుల్స్’ అనే పిలుస్తారు. క్లబ్బు చరిత్ర మీద రాస్తున్న వ్యాసంలో నేను ‘అజేయులు’ అని వాడితే, చదివిన మిత్రులొకరు ‘అపరాజితులు’ అని దిద్దారు. ఏది సరైనదో పెద్దలు చెప్పగలరు.

జవాబు: ముందు ఆ సీజన్ పట్టిక చూద్దామండీ. ఆడినవి 22, గెలిచినవి 18, డ్రాలు 4, ఓటమి గడిలో సున్నా. కొట్టిన గోల్స్ 74, ఇచ్చినవి 15. గెలుపుకు రెండు, డ్రాకు ఒకటి అన్న లెక్కను లీగు నిర్వాహకులు సీజన్ నడుస్తుండగా ఖరారు చేశారు. ఆ లెక్కన ప్రెస్టన్‌కు 40 పాయింట్లు వస్తే, రెండో స్థానంలో ఉన్న ఆస్టన్ విల్లాకు 29 మాత్రమే వచ్చాయి. అది చాలదన్నట్టు, ఆ ఏడాది ఎఫ్.ఎ. కప్పులో (ఇది లీగుకు వేరుగా జరిగే నాకౌట్ పోటీ) ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ఫైనల్ దాకా వచ్చి, 1889 మార్చి 30న లండన్‌లోని ఓవల్ మైదానంలో వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్‌ను 3–0తో ఓడించారు.

ఇక మాటల సంగతి. ‘పరాజిత’ అంటే ఓడింపబడినది, కనుక ‘అపరాజిత’ జరిగిపోయినదాన్నే చెబుతుంది. పట్టికలోని ఆ సున్నాకు సరిగ్గా సరిపోయే మాట అదే. ‘అజేయ’ అంతకంటే పెద్ద మాట: ఓడలేదని కాక, ఓడించడం ఎవరి తరమూ కాదని అంటుంది. ప్రెస్టన్ మరుసటి సీజన్‌లో లీగును మళ్ళీ గెలిచింది గానీ నాలుగు మ్యాచ్‌లు ఓడింది; ఆ తర్వాత వరుసగా మూడు సీజన్లు రెండో స్థానంతో సరిపెట్టుకుంది, లీగు విజేత మరెన్నడూ కాలేదు. 1961లో పై డివిజన్ నుంచి దిగిపోయిన ఆ క్లబ్బు నేటి వరకు అక్కడికి తిరిగి చేరలేదు. మీ మిత్రుల అభ్యంతరానికి ఆధారం ఉంది.

మరొకరు: వ్యాకరణం దాకా వెళితే ‘అజేయ’కు ఇంకో చిక్కు ఉంది. ‘క్షయ్యజయ్యౌ శక్యార్థే’ అన్న పాణిని సూత్రం ప్రకారం, జయించడానికి శక్యమైనది ‘జయ్యం’, జయించదగినది ‘జేయం’. ఆ లెక్కన ఇన్విన్సిబుల్‌కు ‘అజయ్యులు’ అనాలి. కానీ ఆ మాట వేస్తే అచ్చుతప్పు అనుకోని పాఠకుడు ఎక్కడ దొరుకుతాడు? పైగా, బ్యాట్స్‌మన్ నాటౌట్‌గా మిగిలితే మన పత్రికలు ‘అజేయ శతకం’ అని రాసి ఎన్నో ఏళ్ళయింది. ఆటల పేజీలో ‘అజేయ’కు ‘ఓడని’ అన్న అర్థం స్థిరపడిపోయిందని ఒప్పుకోవలసిందే.

జవాబు: పత్రికల వాడుకను నేను కాదనను. అయితే బిరుదు వేరు, వివరణ వేరు. ‘ఇన్విన్సిబుల్స్’ అన్నది ఇంగ్లిషులోనూ అతిశయోక్తే కాబట్టి, బిరుదుగా ‘అజేయులు’ అని కొటేషన్లలో ఉంచండి. సీజన్‌ను వర్ణించే చోట మాత్రం ‘ఓటమి ఎరుగని జట్టు’ అన్నారంటే సంస్కృతంతో పేచీయే ఉండదు. వ్యాసంలో లండన్ క్లబ్బు ఆర్సెనల్ ప్రస్తావన వస్తే ఇంకొంచెం జాగ్రత్త అవసరం. 2003–04 లీగులో 26 గెలుపులు, 12 డ్రాలతో అదే బిరుదు పొందిన ఆ జట్టు, ఆ ఏడాదే ఎఫ్.ఎ. కప్పు సెమీఫైనల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో, యూరప్ క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగులో చెల్సీ చేతిలో ఓడింది. కాబట్టి ఆర్సెనల్‌ను ‘లీగులో ఓడని జట్టు’ అనే రాయాలి. ప్రెస్టన్‌కు ఆ ‘లీగులో’ అన్న మాట అక్కరలేదు.