సుభద్ర డబ్బు 2029 తర్వాత కూడా నిలుస్తుందా?

పర్లాకిమిడి: ఒడిశాలో మహిళలకిచ్చే సుభద్ర పథకం కింద ఏడాదికి 10,000, రెండు విడతల్లో పడుతోంది. 2028-29తో అయిదేళ్ల గడువు అయిపోతుంది. పక్కన వృద్ధాప్య పింఛను ఎలాగూ ఉంది. ఇదంతా రాష్ట్రం మోయగలదా అన్నది బడ్జెట్లో ఎక్కడ చూస్తే తెలుస్తుందండి?

బరంపురం: ముందు పథకం బరువు తేల్చుకోండి. కోటి మందికి తలా 10,000 అంటే ఏటా 10,000 కోట్లు. 2025-26 ఒడిశా బడ్జెట్ 2.90 లక్షల కోట్లు. నూటికి మూడున్నర దాకా పడుతుంది. మోయలేనిది కాదు, ఎందుకంటే 2005-06 నుంచి ఇక్కడ రెవెన్యూ ఖాతాలో, అంటే ఏటా వచ్చే రాబడిలో మామూలు ఖర్చులు పోగా, మిగులుతూనే వస్తోంది.

ఇక జీతాలు, రిటైరైన ఉద్యోగుల పింఛన్లు, అప్పుల మీద వడ్డీ మూడూ కూడి రెవెన్యూ రాబడితో భాగించండి. ఇవి ఆపడానికి వీల్లేని ఖర్చులు. ఆ వాటా ఏటా పెరుగుతోందంటే మిగతా పథకాలకి చోటు తగ్గుతోందన్నమాట. ఈ లెక్క అంచనాల మీద కట్టకండి, రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చుల కాలమ్ మీద కట్టండి. అంచనాల్లో రాబడి ఘనంగానే కనిపిస్తుంది.

నాకు అసలు భయం గనుల మీద. ఇనుప ఖనిజం ధర పడితే గనుల నుంచి రాష్ట్రానికొచ్చే రాయల్టీ, గనులు వేలంలో పాడుకున్నవాళ్లు కట్టే ప్రీమియం రెండూ ఒకేసారి పడతాయి. ఉద్యోగుల పింఛను ఖర్చు మాత్రం తగ్గదు. 2005 జనవరి 1కి ముందు చేరిన ఉద్యోగులకి ఖజానా నుంచే ఇచ్చే పాత పింఛనే. 2004లో 22 ఏళ్లకి చేరినవాళ్లు 2042 దాకా రిటైరవుతూనే ఉంటారు, డీఏ పెరిగినప్పుడల్లా ఆ పింఛనూ పెరుగుతుంది.

సిరొంచ: మా మహారాష్ట్ర దిక్కు లెక్క వేరే ఉన్నది. ఆడోళ్లకిచ్చే లాడ్కీ బహీణ్ పథకంల నెలకు 1,500. 2 కోట్ల మందికి ఏడాదికి 36,000 కోట్లు. 2025-26 బడ్జెట్ల పెట్టింది కూడా గంతే. అదే బడ్జెట్ల రెవెన్యూ లోటు, అంటే రాబడి కన్న ఎక్కువైన మామూలు ఖర్చు, 45,891 కోట్లు. అంటే పంచే పైసలు మిగులుల నుంచి వస్తలేవు. ఎన్నికలప్పుడు చెప్పినట్టు నెలకు 2,100 చేస్తే గదే 2 కోట్ల మందికి 50,400 కోట్లు కావాలె. కోత గూడ ఉన్నది: కిసాన్ పథకాల నుంచి నెలకు 1,000 వచ్చేటోళ్లకు ఇక్కడ 500 మాత్రమే ఇస్తున్నరు.

పర్లాకిమిడి: మరి మొత్తం పెంచకుండా 10,000 దగ్గరే ఉంచేస్తే?

బరంపురం: ఖజానాకి తేలికే, తీసుకునేవాళ్లకే నష్టం. ధరలు ఏటా నూటికి 6 చొప్పున పెరిగితే అయిదేళ్లకి ఆ 10,000కి ఇవాళ్టి 7,470 పాటి సరుకే వస్తుంది. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటాకి పట్టిన గతి ఇదే: 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకి నెలకి 200 దగ్గరే ఉండిపోయింది, పైదంతా రాష్ట్రమే పెట్టుకుంటోంది. అందుకని గడువు పొడిగిస్తారా అన్న ఒక్కటే కాదు, ఎంతకి పొడిగిస్తారో కూడా అడగాలి. 2029-30 బడ్జెట్ వచ్చినప్పుడు ఆ పద్దు, దాని పక్కనే గనుల రాబడి పద్దు, రెండూ కలిపి చూడండి.